నకాశీ పటం

విశాఖదత్తుని ‘ముద్రారాక్షసం’ నాటకం ప్రథమాంకంలో చాణక్యుని గూఢచారి నిపుణకుడు యమపటం చేతబట్టుకొని పాటలీపుత్ర వీధులలో తిరుగుతాడు. రత్నాల వర్తకుడైన చందనదాసు ఇంట ప్రవేశించి, పటం పరచి, పాట ఎత్తుకొంటాడు. ఆ పాట విని ఐదేళ్ళ బాలుడొకడు చూడాలనే ఆత్రంతో లోపలి గదినుండి బయటికి పరుగెత్తుకొని వస్తాడు. వానిని వెనక్కు లాగడానికి ఒక స్త్రీ తలుపు చాటునుండి చేయి చాపుతుంది. వదులుగా ఉన్న ఉంగరం ఆమె వేలినుండి జారి, దొర్లి, నిపుణకుని పాదం దగ్గర ఆగుతుంది. అది అమాత్య రాక్షసుని ముద్రిక. నాటకానికి పేరు తెచ్చిన ఆ ముద్రిక చాణక్యునికి చిక్కడానికి కారణం రాజనీతి కాదు, బొమ్మల పటం మీద ఒక పసివాని మోజు.

యమపటమంటే యముని కొలువును, పాపాలు చేసినవారు అనుభవించే శిక్షలను బొమ్మలుగా చూపే గుడ్డ. దానిని చూపుతూ, పాడుతూ, భిక్షమెత్తుకొని బ్రతికేవారు ఒకప్పుడు ఉండేవారు. ఏడవ శతాబ్దికి చెందిన బాణభట్టు ‘హర్షచరిత్ర’లోనూ అటువంటివాడొకడు కనిపిస్తాడు. తండ్రి జబ్బు సంగతి తెలిసి ఆందోళనతో తిరిగి వచ్చిన హర్షుని కంట, అంగడి వీధిలో పిల్లల గుంపు నడుమ నిలబడి, రెల్లు పుల్లతో దున్నపోతునెక్కిన యముని బొమ్మను చూపుతూ పరలోకపు సంగతులు చెప్పే పటంవాడు పడతాడు. రెండు చోట్లా పటం చుట్టూ చేరినవారు పిల్లలే కావడం గమనించదగినది. అక్షరం రానివానికి, ఇంకా నేర్వనివానికి నీతిని కళ్ళ ద్వారా, చెవుల ద్వారా ఏకకాలంలో అందించే సాధనం పటం. ఆ సాధనం సంస్కృత కావ్యాలతో అంతరించలేదు. తెలంగాణ పల్లెల్లో అది నిన్నమొన్నటిదాకా సజీవంగా ఉంది. కొన్ని చోట్ల నేటికీ ఉంది. దానినే పటం కథ అంటారు. ఆ పటాలను చిత్రించే కళకు నేడు చేర్యాల పేరు స్థిరపడింది.

చేర్యాల పూర్వం వరంగల్లు జిల్లాలో ఉండేది. 2016లో జరిగిన జిల్లాల పునర్విభజనతో సిద్దిపేట జిల్లాలో చేరింది. ఇక్కడి చిత్రకారులను నకాశీలు అంటారు. చిత్రించడం, చెక్కడం అనే అర్థాలు గల ‘నక్ష్’ అనే అరబ్బీ పదం ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చి ‘నకాశీ’ అయింది. నగల మీద, తలుపుల మీద చేసే నాజూకైన పనిని తెలుగువారు ‘నగిషీ’ అంటారే, ఆ మాట కూడా దీనికి తోబుట్టువే. పేరు పరభాషది కనుక కళ కూడా బయటినుండి వచ్చిందనే వాదం ఒకటి ఉంది. అయితే కథను వరుసలు వరుసలుగా పేర్చే పద్ధతి, పాత్రల కట్టూబొట్టూ చూస్తే దీని వేళ్ళు ఈ నేలలోనే ఉన్నాయని తోస్తుంది. ఓరుగల్లులో పదిహేను వందల చిత్రకారుల గృహాలుండేవని ఏకామ్రనాథుని ‘ప్రతాపరుద్ర చరిత్ర’ చెబుతుంది. మాచల్దేవి చిత్రశాలలో గోడల మీద వ్రాయించిన పురాణ దృశ్యాలను ‘క్రీడాభిరామం’ వర్ణిస్తుంది. ఈ అంకెలను, వర్ణనలను అక్షరాలా నమ్మనక్కరలేదు. కాని కాకతీయుల రాజధానిలో చిత్రకారునికి చేతినిండా పని ఉండేదని మాత్రం ఇవి తెలుపుతున్నాయి. ఇప్పుడు దొరుకుతున్న తెలంగాణ పటాలలో మిక్కిలి పాతవి పదిహేడవ శతాబ్ది నాటివని పండితులు భావిస్తున్నారు. హైదరాబాదులోని జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియం అటువంటి పటాలను సేకరించి భద్రపరిచింది.

నిజామాబాదు జిల్లా వర్ని వంటి ప్రాంతాల విద్యార్థులకు చేర్యాల కన్న గోదావరి ఆవలి ఒడ్డున ఉన్న నిర్మల పేరు ఎక్కువ పరిచితం. నిర్మల బొమ్మ గోడకు, కొలువు గదికి అలంకారం. చేర్యాల పటం అలంకారానికి పుట్టినది కాదు. అది గోడ ఎరుగదు. చుట్టచుట్టుకొని, కథకుని భుజమెక్కి, ఊరినుండి ఊరికి నడిచి, రాత్రివేళ జనం నడుమ విప్పుకొంటుంది. మూడడుగుల వెడల్పు గల బట్ట, కథను బట్టి ముప్పై నలభై అడుగులు, ఒక్కొక్కప్పుడు అరవై అడుగుల పొడవు కూడా ఉంటుంది. పూల అంచులతో, గీతలతో విభజించిన అడ్డవరుసలలో కథ పైనుండి క్రిందికి సాగుతుంది. రెండు గుంజల నడుమ పటాన్ని వ్రేలాడదీసి, ప్రధాన కథకుడు కర్రతో బొమ్మను చూపుతూ పాడుతుంటే, వంతపాటగాళ్ళు అందుకొంటారు. మద్దెల, తాళాలు, తరువాతి కాలంలో హార్మోనియం తోడవుతాయి. ఒక వరుస ముగియగానే పటం కొంత చుట్టి, మరి కొంత విప్పుతారు. పెద్ద కథకు ఒక్క రాత్రి చాలదు.

పటం కథలలో ప్రధానమైనవి కులపురాణాలు. ఒక్కొక్క కులానికి ఒక్కొక్క పురాణం, దానిని చెప్పడానికి ఒక్కొక్క ఆశ్రిత బృందం ఉండటం తెలంగాణ సంప్రదాయంలోని విశేషం. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణాన్ని, భావనాఋషి కథను చెబుతారు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణం చెబుతారు. గౌడులకు గౌడజెట్టివారు, ముదిరాజులకు కాకిపడిగెలవారు ఉన్నారు. రజకులకు మడేలు పురాణం ఉంది. ఏ బృందం ఏ ఊళ్ళలో కథ చెప్పాలో ఆ హక్కు తరతరాలుగా వంశాలకు ఉండేది. దానిని మిరాశి అనేవారు. దాతలు ఇచ్చే ధన ధాన్యాలకు త్యాగం అని పేరు. భిక్ష అనకుండా త్యాగం అనడంలోనే కథకునికి ఆ సమాజం ఇచ్చిన స్థానం తెలుస్తుంది.

ఈ పురాణాలు చెప్పే నీతి ఏమిటి? అబద్ధమాడరాదు, దొంగతనం చేయరాదు అనే సూక్తులు వీటిలో లేకపోలేదు. కాని వీటి అసలు బోధ వేరు. భావనాఋషి కథనే తీసుకొందాం. మార్కండేయుడు చేసిన యజ్ఞంలో హోమగుండం నుండి భావనాఋషి ఉద్భవిస్తాడు. విష్ణువు నాభికమలపు తూడునుండి నూలు తీసి, దేవతలకు తొలి వస్త్రం నేసి ఇస్తాడు. సూర్యపుత్రిక భద్రావతిని వివాహమాడుతాడు. పులిని వాహనంగా చేసుకొని రాక్షసునితో పోరాడుతాడు. అతని నూటొక్క కొడుకుల నుండి పద్మశాలీల నూటొక్క గోత్రాలు ఏర్పడినాయని కథ. పగలంతా గుంటమగ్గంలో కాళ్ళాడించి, షావుకారు దగ్గర నూలు అప్పు తెచ్చుకొన్న నేతగాడు రాత్రి పటం ముందు కూర్చొని, తన మూలపురుషుడు దేవతల మానం కాపాడినవాడని వింటాడు. పక్కనే కూర్చొన్న కొడుకూ వింటాడు. ఊరంతటిలో ఆ బాలునికి ఈ మాట చెప్పే తావు మరొకటి లేదు.

జాంబపురాణంలో ఈ బోధ మరింత స్పష్టమవుతుంది. సృష్టికి ముందే ఉన్నవాడు ఆదిజాంబవుడని ఆ పురాణం ప్రకటిస్తుంది. ఊరికి వెలుపల ఉంచబడినవారు, ఊరు పుట్టకముందే తమ పూర్వికుడున్నాడని రంగుల బొమ్మలతో నిరూపించుకొన్నారు. ప్రబంధాలను వ్రాసినవారు, వినినవారు వీరిని తమ కావ్యాలలోకి రానివ్వలేదు. వీరు తమ కావ్యాన్ని బట్ట మీద వ్రాయించుకొన్నారు. కులపురాణాలు కుల భేదాలను బలపరిచాయనే విమర్శ లేకపోలేదు. ఆ విమర్శలో కొంత నిజం ఉంది. అయినా చేతిపని చేసేవారి ఆత్మగౌరవాన్ని ఇంత సూటిగా చెప్పిన సాహిత్యం తెలుగులో ఆ కాలంలో అరుదు.

ఇక పటాన్ని తయారుచేసే విధానం. ముందుగా ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల ముద్ద, చెట్టు బంక కలిపిన పూతను పూస్తారు. ఒక పూత ఆరిన తరువాత మరొకటి చొప్పున మూడు పూతలు వేయాలి. తొందరపడితే పటం చుట్టినప్పుడు పూత పగులుతుంది, బొమ్మ ముఖం మీద చారలు పడతాయి. పూర్వం రంగులన్నీ ప్రకృతినుండి లభించినవే. శంఖంనుండి తెలుపు, దీపపు మసినుండి నలుపు, నీలిమందునుండి నీలం, ఒక జాతి రాతినుండి పసుపుపచ్చ, ఇంగిలీకంనుండి ఎరుపు తయారుచేసేవారు. ఉడుత వెంట్రుకలను కట్టి కుంచెలు చేసుకొనేవారు. నకాశీ బొమ్మను ముందుగా తేలికపాటి రంగుతో కుంచెతోనే గీస్తాడు. తరువాత బొమ్మల చుట్టూ ఖాళీనంతటినీ ఎరుపుతో నింపుతాడు. ఆ ఎర్రని నేపథ్యమే చేర్యాల పటానికి గుర్తు. దివిటీల వెలుగులో, దూరాన కూర్చొన్నవానికి కూడా బొమ్మ విడిగా కనిపించడానికి ఇంతకంటె తగిన రంగు లేదు. ఆ తరువాత దేహవర్ణాలు, వస్త్రాలు, నగలు వేసి, చివరకు నల్లని గీతతో కనుముక్కు తీరు దిద్దుతారు. దేవతలైనా, ఋషులైనా పటంలో తెలంగాణ మనుషులే. దేవకాంతలు ఇక్కడి స్త్రీల వలెనే చీర కడతారు.

పటం శాశ్వతం కాదు. ఏళ్ళ తరబడి చుట్టడం, విప్పడం, వానకు ఎండకు ఊళ్ళు తిరగడం వలన బట్ట పీలికలవుతుంది, రంగు రాలుతుంది. అప్పుడు కథకులు ఆ పాత పటాన్ని నకాశీ ఇంటికి తెచ్చి క్రొత్తదానిని వ్రాయించుకొంటారు. పాత పటం చూచి, కథకుడు చెప్పే కథ విని, నకాశీ అదే వరుసలో అవే ఘట్టాలను మళ్ళీ చిత్రిస్తాడు. క్రొత్త పటానికి పూజ జరుగుతుంది. పాతదానిని శాస్త్రోక్తంగా నదిలో కలిపివేస్తారు, మనిషికి అంత్యక్రియలు చేసినట్లుగా. ఈ ఆచారం వలన పరిశోధకులకు తీరని నష్టం కలిగిన మాట నిజం. పాత పటాలు ఇంత కొద్దిగా మిగలడానికి ఇదొక కారణం. కాని కథకునికి పటం ప్రాచీన వస్తువు కాదు, పనిముట్టు. అరిగిన నాగలికర్రును రైతు దాచుకోడు. ఒకరు వ్రాసిన పటానికి మరొకరు వ్రాసిన ప్రతి, దానికి ఇంకొక ప్రతి, ఇలా కొన్ని శతాబ్దాల పాటు మూలం నశిస్తూ ప్రతి బ్రతుకుతూ వచ్చింది. మనం ‘అసలు’ అని దేనిని అంటామో అది ఈ సంప్రదాయంలో ఎక్కడా లేదు.

ఇటువంటి స్థితే మరొక రూపంలో జపాను దేశంలోనూ కనిపిస్తుంది. యమపటానికి సాటివచ్చే చిత్రాలు అక్కడా ఉండేవి. కుమానో అనే పుణ్యక్షేత్రానికి చెందిన సన్న్యాసినులు పెద్ద పటం చుట్టి మోసుకొని ఊళ్ళు తిరిగేవారు. ఆ పటంలో పైన ధనుస్సు వంటి వంపు ఉంటుంది. దాని ఒక చివర పసిబిడ్డ ఎక్కడం మొదలుపెడతాడు. నడినెత్తిన యౌవనం. రెండవ చివర ముదుసలి కర్రపట్టుకొని దిగుతుంటాడు. క్రింద నరకలోకాలు. పుల్లతో బొమ్మను చూపుతూ, ముఖ్యంగా స్త్రీలను చుట్టూ చేర్చుకొని, వారు ధర్మబోధ చేసేవారు. బొమ్మలు చూపి కథ చెప్పే ఈ పద్ధతికి జపాను భాషలో ‘ఎతోకి’ అని పేరు. ఒకరినుండి ఒకరు అరువు తెచ్చుకొన్నారో లేదో ఇక్కడ తేల్చనక్కరలేదు. చదువురాని జనానికి చెప్పవలసిన సంగతి ఉన్నప్పుడు రెండు దేశాలలోనూ మనుషులు ఒకే ఉపాయాన్ని ఆశ్రయించారు.

తేడా వచ్చినది ప్రతులు తీసే పద్ధతిలో. నేటి టోక్యోకు పూర్వనామం ఎదో. ఆ నగరంలో చిత్రకారులు చెక్క అచ్చును ఆశ్రయించారు. చిత్రకారుడు పలుచని కాగితం మీద గీసిన బొమ్మను బోర్లించి చెర్రీ చెక్క మీద అతికిస్తారు. చెక్కేవాడు గీత మాత్రం మిగిలేటట్లు మిగతా చెక్కను తొలుస్తాడు. ఆ పనిలో చిత్రకారుని మూలచిత్రం కాస్తా నశించిపోతుంది. రంగు రంగుకు ఒక్కొక్క చెక్క కావాలి. ఒకదాని మీద ఒకటి తప్పు పోకుండా పడటానికి చెక్కల అంచున గుర్తులు చెక్కుతారు. కాగితాన్ని చెక్క మీద పరచి, వెదురు పొరతో చుట్టిన బిళ్ళతో రుద్ది అచ్చు తీస్తారు. 1765 ప్రాంతంలో సుజుకి హరునోబు కాలానికి పూర్తి రంగుల అచ్చు సాధ్యమైంది. ఆ తరువాత ఒక గిన్నెడు సేమియా ధరకు చేరువలో సామాన్యుడు కూడా బొమ్మ కొనగలిగాడు.

ఆ బొమ్మలలో నీతిబోధకు కొరత లేదు. ఉతామారో 1802 ప్రాంతంలో తల్లిదండ్రులు తమ కుమార్తెల నడవడిని కళ్ళజోడు పెట్టుకొని చూచుకొమ్మని హెచ్చరించే చిత్రమాల ఒకటి వెలువరించాడు. కునియోషి, తల్లిదండ్రులను సేవించిన ఇరవై నలుగురు ఆదర్శపుత్రుల చీనా కథలను బొమ్మలుగా వేశాడు. 1842లో ప్రభుత్వం నటుల, వేశ్యల చిత్రాలను నిషేధించి, స్వామిభక్తి, పితృభక్తి వంటి విషయాలనే అచ్చు వేయుమని ఆజ్ఞాపించింది. దానితో నీతిచిత్రాలు వెల్లువెత్తాయి. అయితే చిత్రకారులూ తక్కువవారు కారు. పైన నీతి శీర్షిక పెట్టి, లోపల పాతకాలపు వీరునికి ప్రసిద్ధ నటుని ముఖం తగిలించేవారు. కొనేవారికి ఆ సంగతి తెలుసు. శాసనం వలన పుట్టిన నీతికి, జనం తమకు తాము వ్రాయించుకొన్న నీతికి ఉండే అంతరం ఇక్కడ తెలుస్తుంది. భావనాఋషి కథను వ్రాయుమని చేర్యాల నకాశీని ఏ నవాబూ ఆజ్ఞాపించలేదు. త్యాగం ఇచ్చి వ్రాయించుకొన్నది నేతగాళ్ళు.

జపానులో చెక్క అరిగితే మళ్ళీ చెక్కుతారు. పాత అచ్చులను చూచి క్రొత్త చెక్కలు తొలిచి, చేతితోనే అచ్చుతీసే పనివారు టోక్యోలో ఇప్పటికీ ఉన్నారు. అచ్చు తీసిన బొమ్మకు, మూలానికి గీతలో తేడా రాకూడదన్నది వారి నియమం. నకాశీకి ఆ నియమం లేదు. వరుస మారకూడదు, ఘట్టం విడిచిపెట్టకూడదు, అంతే. ముఖం తీరు, చీర అంచు, చెట్టు ఆకు అతని ఇష్టం. అచ్చు ఒక చిత్రకారుని చేతిని నిలుపుతుంది. పటం ఒక కథను నిలుపుతుంది. రెండవదానికి ప్రాణాపాయం ఎక్కువ, ఎందుకంటే ఆ కథలో సగం బట్ట మీద ఉండదు, కథకుని గొంతులో ఉంటుంది.

సినిమా పల్లెకు వచ్చింది, తరువాత టెలివిజను వచ్చింది. మరమగ్గం చేతిమగ్గాన్ని దెబ్బతీసింది. నేతగాని దగ్గర త్యాగం ఇవ్వడానికి మిగలనప్పుడు కూనపులివాడు క్రొత్త పటం వ్రాయించడం మానుకొన్నాడు. పటానికి గిరాకీ పోగా నకాశీలు తక్కిన పనులలోకి వెళ్ళిపోయారు. కొన్ని కుటుంబాలు మాత్రం, ముఖ్యంగా చేర్యాలలోని ధనాలకోటవారు, కుంచె విడిచిపెట్టలేదు. హస్తకళల సంస్థలు ప్రోత్సాహమిచ్చాయి. సిద్దిపేటకు చెందిన ప్రసిద్ధ చిత్రకారుడు కాపు రాజయ్య నకాశీ శైలిని తన చిత్రాలలోకి తెచ్చి చదువుకొన్నవారి దృష్టిని దానిమీదికి మళ్ళించాడు. చేర్యాల చిత్రాలకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడా లభించింది. చిత్రం బ్రతికింది.

అయితే బ్రతికిన చిత్రం వేరు. నలభై అడుగుల పటం కొనేవారు లేరు కనుక నకాశీ ఒక అడుగు, రెండడుగుల బొమ్మలు వేస్తాడు. బతుకమ్మ ఆడే స్త్రీలు, తాడిచెట్టు ఎక్కే గౌడు, మగ్గం ముందు నేతగాడు, పెండ్లి ఊరేగింపు అందులో విషయాలు. ముఖతొడుగులు, తాళపు చెవుల గుత్తులు కూడా చేస్తున్నారు. ఎరుపు అదే, గీత అదే. సహజ రంగుల స్థానంలో చాలామట్టుకు అంగడి రంగులు వచ్చాయి. దీనిని తప్పుపట్టేవారు ఉన్నారు గాని, ఇల్లు గడవవలసిన మనిషిని శంఖం నూరుతూ కూర్చొమ్మనడం న్యాయం కాదు. విచారించవలసినది రంగు విషయం కాదు. భావనాఋషి తామరతూడుతో నేసే ఘట్టాన్ని విడిగా కత్తిరించి పటం కట్టిస్తే, నగరంలో కొన్నవారికి అది ‘మగ్గం ముందు కూర్చొన్న ఒక మనిషి’. దానికి ముందరి వరుసలోని యజ్ఞగుండం లేదు, తరువాతి వరుసలోని పులి లేదు.

చిత్రలేఖనం నేర్పే శిక్షణ శిబిరాలు ఇప్పుడు జరుగుతున్నాయి. కులవృత్తితో సంబంధం లేని యువతీయువకులు, వారిలోనూ స్త్రీలు, నకాశీ గీతను అభ్యసిస్తున్నారు. కథ చెప్పడం నేర్పే శిబిరాలు అంతగా కనిపించవు. పద్మశాలీలున్న కొన్ని ఊళ్ళకు కూనపులివారు నేటికీ పటం తీసుకొని వెళుతున్నారు. అక్కడ గుంజలు పాతి, పటం విప్పి, మార్కండేయుని యజ్ఞంతో కథ మొదలుపెడతారు.